వెలుగోడు నుంచి వీధి కొళాయి దాకా

ఆళ్లగడ్డ ప్రాంతం మీదుగా చెన్నైకి తాగునీళ్లు పోతాయి. వెలుగోడులో బయల్దేరిన కృష్ణా జలాలు నల్లమల అంచు వెంబడి తెలుగుగంగ కాలువలో సాగి, సోమశిల, కండలేరు జలాశయాలు దాటి తమిళనాడులోని పూండికి చేరతాయి. మద్రాసు దాహం తీర్చడానికి తలా 5 టీఎంసీలు వదులుకుంటామని మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. 1996లో నీళ్లు సరిహద్దు దాటాయి. మన ఇంజనీర్లు తలెత్తుకుని చెప్పుకోదగ్గ పని అది.

ఆ నీళ్ల దారిలోనే నంద్యాల ఉంది, ఆళ్లగడ్డ ఉంది. ఎండలు ముదిరాయంటే శివారు కాలనీల ఆడవాళ్లు కొళాయిలో గాలి బుసకొట్టే చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంటారు. ‘నీళ్లిడిసినారు’ అని వీధి చివర కేక వినపడిందో లేదో, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి బిందెలతో పరుగు. గంటసేపు వస్తే సంతోషం. మధ్యలో ఆగిపోతే ట్యాంకరు కోసమో, బోరున్న ఇంటివాళ్ల దయ కోసమో పడిగాపులు.

నీళ్లు లేకనా ఈ తిప్పలు? ఒక్కసారి లెక్క కడదాం. 2011 జనాభా లెక్కల్లోనే నంద్యాల రెండు లక్షలు దాటింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం అయ్యాక ఊరు ఇంకా పెరిగింది కాబట్టి మూడు లక్షలనుకుందాం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ పెట్టిన ప్రమాణం. ఆ చొప్పున ఊరికి రోజుకు సుమారు 4 కోట్ల లీటర్లు కావాలి. ఏడాదికి లెక్కిస్తే అర టీఎంసీ. ఆళ్లగడ్డకు 50 వేల మందిని అనుకున్నా టీఎంసీలో పదో వంతు కూడా అక్కర్లేదు. వెలుగోడు జలాశయం సామర్థ్యం 16.95 టీఎంసీలు. ఆవిరయ్యేది, ఇంకేది పక్కనపెట్టి కాగితం మీద చూస్తే, అది ఒక్కసారి నిండితే నంద్యాలకు ముప్పై ఏళ్లు తాగడానికి సరిపోతుంది. కృష్ణమ్మ మనకు తక్కువ చేయలేదు. కొరత ఉన్నది నీళ్లను ఇంటి గడప దాకా శుభ్రంగా, రోజూ చేర్చే ఏర్పాటులో. ఆ ఏర్పాటును ఏళ్ల తరబడి కాపాడుకునే శ్రద్ధలో కూడా.

నూట యాభై ఏళ్ల దారి

శ్రీశైలం జలాశయం నీళ్లు పోతిరెడ్డిపాడు తూముల గుండా బయటికొచ్చి, 16 కిలోమీటర్ల పైచిలుకు నడిచి బనకచెర్ల చేరతాయి. అక్కడ దారులు చీలతాయి. ఒకటి వెలుగోడుకూ, ఆపై తెలుగుగంగకూ. ఇంకొకటి శ్రీశైలం కుడిగట్టు కాలువగా గోరుకల్లు, అవుకు వైపు. మరొకటి నిప్పులవాగులో పడి కేసీ కాలువ ఆయకట్టుకు. నంద్యాల జిల్లా వరిచేలకూ, ఊళ్ల దాహానికీ ప్రధాన ఆధారం బనకచెర్ల దగ్గరి ఈ గేట్లే.

వీటన్నిటికన్నా పాతది కేసీ కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా 306 కిలోమీటర్ల మేర కాలువ నడిపారు. 1860లలో మొదలైన పని 1871 నాటికి పూర్తయింది. తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు ప్రైవేటు సంస్థ. పొలాలకు నీరమ్మి, పడవల మీద సుంకం వసూలు చేసి లాభాలు తీయొచ్చని ఆశపడింది. లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను స్వాధీనం చేసుకుంది. చాలా దూరం కొత్తగా తవ్వే పని లేకుండా నిప్పులవాగు, గాలేరు, కుందూలనే కాలువగా వాడుకోవడం అప్పటివాళ్ల తెలివి. సంతజూటూరు, రాజోలి ఆనకట్టలు ఆ వాగుల నీటిని మళ్లీ కాలువకు మళ్లిస్తాయి. కట్టి నూట యాభై ఏళ్లు దాటినా ఈ ఏర్పాటు నడుస్తున్నదంటే, తరతరాలుగా ఎవరో ఒకరు గట్లు చూసుకున్నారు, పూడిక తీశారు, తూములకు మరమ్మతులు చేశారు. అలా పట్టించుకోని ఏళ్లలో చివరి ఆయకట్టు ఎండింది.

కాలువ ఏడాది పొడుగునా పారదు. కోతల కాలానికి సాగునీరు కట్టేస్తారు. అప్పటినుంచి జులైలోనో ఆగస్టులోనో శ్రీశైలానికి వరద వచ్చేదాకా ఊళ్లు దాచుకున్న నీటితోనే బతకాలి. ఎస్‌ఎస్ ట్యాంకులని అందరూ పిలిచే ఎండాకాలపు నిల్వ చెరువులు అందుకే. కాలువ పారినప్పుడు వాటిని నింపుకోవాలి, పారని నాలుగు నెలలూ జాగ్రత్తగా వాడుకోవాలి. చెప్పడానికి తేలికగానే ఉంటుంది. 45 డిగ్రీలు దాటే ఎండలో ఆ చెరువు ఆవిరై పోతూ ఉంటుంది. అడుగున పూడిక పేరుకుంటే ఏటేటా నిల్వ తగ్గుతుంది. మే నెల వచ్చేసరికి నీళ్లు అడుగంటి పచ్చబారతాయి, నాచు వాసన వేస్తాయి. ఆ వాసన ఫిల్టర్లు దాటి కొళాయి దాకా వస్తుంది.

2023లో కృష్ణా ఎగువన వానలు మొహం చాటేశాయి. శ్రీశైలం నిండలేదు. అలాంటి ఏడాది తాగునీటి కోసం కాలువకు వదిలిన కొద్దిపాటి నీళ్లు కూడా ఊరిదాకా రావడం గగనమవుతుంది. దారి పొడవునా ఎండుతున్న పైరు ఉంటుంది, గట్టు మీద మోటార్లు ఉంటాయి. రైతును దొంగ అనడానికి నాకు నోరు రాదు. అప్పు తెచ్చి పెట్టిన పంట కళ్లెదుట మాడిపోతుంటే పక్కనే పారే నీటిని చూస్తూ ఎవరూ ఊరుకోలేరు. ఆ పోటీ రాకుండా చూడాలంటే ఆ నాలుగు నెలలకూ ఊరికి కావలసిన నీరు కాలువ పారే నెలల్లోనే చెరువులోకి చేరిపోవాలి. మార్చిలో మేలుకుంటే లాభం లేదు. చెరువు పూడిక తీయడం, గట్టు పటిష్ఠత చూడటం ఎవరికీ ఫొటోలు రాని పనులు. అందుకే అవి వెనకబడతాయి.

పటిక నుంచి క్లోరిన్ దాకా

చెరువు నీటిని తాగునీటిగా మార్చే పద్ధతి దేశమంతటా దాదాపు ఒకటే, అర్థం కానంత కష్టమైనదీ కాదు. ముందు గాలి తగిలేలా నీటిని మెట్ల మీదుగా జారవిడుస్తారు. తరవాత పటిక కలుపుతారు. నీటిలో తేలే సన్నని మట్టి రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని ముద్దలై అడుగుకు దిగుతాయి. తేరిన నీరు ఇసుక ఫిల్టర్ బెడ్ల గుండా పోతుంది. చివర్లో క్లోరిన్. ఇంటి కొళాయిలో పట్టిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. ఆ చిటికెడు మిగులే ఊరికి కాపలా. దారిలో పైపులోకి చొరబడే చాలా క్రిములను అది చంపుతుంది.

ప్లాంటు నడిపేవాళ్లకు నిజమైన పరీక్ష జులై, ఆగస్టుల్లో వస్తుంది. కొత్త వరద ఎర్రగా, చిక్కగా దిగుతుంది. నిన్నటిదాకా వేసిన పటిక మోతాదు ఇవాళ చాలదు. గాజు జాడీల్లో నీళ్లు పోసి, రకరకాల మోతాదులు కలిపి, ఏ జాడీలో త్వరగా తేరుతుందో చూసి ఆ రోజు మోతాదు నిర్ణయించాలి. ఇసుక బెడ్లు మామూలుకన్నా ముందే మూసుకుపోతాయి కాబట్టి, కింది నుంచి నీళ్లు ఎదురెక్కించి కడగాలి. ల్యాబులో చదువుకున్న మనిషి ఉంటే ఈ పరీక్ష పెద్ద పనేమీ కాదు. ఆ ఉద్యోగం ఖాళీగా ఉంటే పటిక అలవాటు కొద్దీ పడుతుంది, నీళ్లు మట్టి రంగులోనే వీధికొస్తాయి. ఊరి జనం మున్సిపాలిటీని తిట్టుకుంటూ ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటారు.

ఈ క్యాను గురించి కొంచెం చెప్పాలి. నంద్యాల చుట్టూ నేల కింద ఉన్నది సున్నపురాయి, పలక రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు: నంద్యాల షేలు, కోవెలకుంట్ల సున్నపురాయి, అవుకు షేలు, నార్జి సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలకు ఆ రాయి వరం. బోరు నీళ్లకు మాత్రం అది గట్టిదనం తెచ్చిపెడుతుంది. గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. కాలువ నీటికోసం ఈ ఊళ్లు ఇంతగా అలమటించడానికి ఇదొక కారణం. క్యాను నీళ్లు కూడా ఎక్కువగా ఈ బోర్ల నుంచే వస్తాయి. యంత్రంలో వడకట్టే క్రమంలో పోసినదాంట్లో పెద్ద భాగం ఉప్పునీరుగా కాలువపాలవుతుంది. క్యాను పది రూపాయలే అనుకున్నా రోజుకొకటి కొనే ఇంటికి నెలకు 300 ఖర్చు. చాలా మున్సిపాలిటీల్లో నెలవారీ కొళాయి రుసుము అంతకన్నా తక్కువే. పేదిల్లు కూడా రెండు చోట్లా చెల్లిస్తున్నది.

నల్లరేగడిలో పైపు

ఇంతవరకు వచ్చిన నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి వీధుల్లోకి దిగుతాయి. అసలు కష్టమంతా ఇక్కడే.

నంద్యాల లోయది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. వరికీ శనగకూ బంగారమైన ఈ మట్టి పైపుకు మాత్రం బద్ధశత్రువు. ఏటా ఉబ్బి, కుంగి, పైపును కదిలిస్తుంది. పాతకాలపు ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపులు అడ్డంగా విరుగుతాయి, పీవీసీ పైపుల అతుకులు ఊడతాయి. రోడ్డు మీద తడి కనపడితే తవ్వి అతుకుతారు. కనపడని కారుడు భూమిలోకే పోతుంది. పక్కన మురుగు కాలువ ఉంటే అందులో కలుస్తుంది.

నీళ్లు రోజంతా పైపులో ఒత్తిడితో ఉంటే కారుడు బయటికే పోతుంది, మురుగు లోపలికి రాదు. మన ఊళ్లలో గంటో రెండు గంటలో వదిలి కట్టేస్తారు. పైపు ఖాళీ అయ్యేటప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి చిల్లుల గుండా చుట్టూ ఉన్న మురుగును పీల్చుకుంటుంది. దానికి తోడు కొళాయికే నేరుగా మోటారు బిగించే ఇళ్లు. ఒక ఇంటి మోటారు ఆడితే తరవాతి పది ఇళ్ల కొళాయిలు నోరు తెరుస్తాయి, ఆ లాగుడుకు మురుగు కూడా వస్తుంది. మిట్ట మీది వీధులకూ, లైను చివరి ఇళ్లకూ దక్కేది ఆ మిగులే. మోటారు బిగించినవాడు ప్రభుత్వ నీటిని ఎక్కువ వాడుకుంటున్నానని మాత్రమే అనుకుంటాడు. నిజానికి తన వీధి పిల్లల కడుపులోకి మురుగు లాగుతున్నాడు.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటి పైపులో మురుగు కలిసి అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. రాష్ట్ర రాజధాని ప్రాంతం పక్కనున్న నగరం అది. 2021 ఏప్రిల్‌లో మన పాణ్యం మండలం గోరుకల్లులో అతిసారం మనుషుల్ని బలి తీసుకుంది. కలుషిత నీరే కారణమని అనుమానించారు. అదే ఊరి పేరు పెట్టుకున్న జలాశయంలో 12.44 టీఎంసీలు నిలుస్తాయి. గట్టు పక్కన అంత నీరుండీ ఊళ్లోవాళ్లు అతిసారంతో చనిపోయారన్న వార్త చదివినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

వీధి వాల్వులు తిప్పే మనిషిని గురించి ఎవరూ రాయరు, రాయాలి. తెల్లవారకముందే సైకిలు మీదో మోపెడ్ మీదో వచ్చి, మ్యాన్‌హోల్ మూత ఎత్తి, పొడుగాటి తాళంతో వాల్వు తిప్పుతాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే మిట్ట వీధికి ఎక్కుతుందో, ఏది ముందు కట్టేస్తే పల్లపు వీధిలో పైపు పగలకుండా ఉంటుందో అతనికే తెలుసు. ఏ లైను ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుందో ఆఫీసు కాగితాల్లో కన్నా అతని తలలోనే ఎక్కువ ఉంటుంది. పంపు ఆపరేటర్లు, ఫిట్టర్లు, వాల్వు మనుషులు, వీళ్లలో ఎక్కువమంది అవుట్‌సోర్సింగ్ కార్మికులు. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం సమ్మెకు దిగినప్పుడు జనం చెత్త పేరుకోవడం గమనించారు. నీళ్లు వదిలే చేతులు కూడా అలాంటి బతుకులవేనని గమనించినవాళ్లు తక్కువ. మూడు లక్షల మంది ఆరోగ్యం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషికి నెలాఖరుకు జీతం వస్తుందో రాదో తెలియకపోవడం అన్యాయం.

కుందూ పక్కన

నంద్యాలకు దగ్గర్లోనే మహానంది. నల్లమల పాదాల దగ్గర ఊరే ఆ ఊట ఏ కాలంలోనూ ఆగదు. కోనేటి అడుగున వేసిన నాణెం పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. గుడి దాటి వచ్చిన నీరు అరటి తోటలను తడుపుతుంది. అడవి చల్లగా ఉంటే నీరు ఎలా ఉంటుందో చూపించడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నంద్యాల పక్కన కుందూ కథ వేరు. ఊరి మురుగు కాలువలు అందులోకే దిగుతాయి. చామకాల్వ, మద్దిలేరు వాగులు ఊరి చెత్తను మోసుకొచ్చి దాంట్లో కలుపుతాయి. మనం వదిలింది కింది ఊళ్లవాళ్లు వాడుకోవాల్సిన నీరవుతుంది. కుందూ కోవెలకుంట్ల, చాగలమర్రి ప్రాంతాల మీదుగా సాగి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. ఎగువ ఊరికి తాగునీటి పథకం వేసి మురుగు శుద్ధిని మరిచిపోతే దిగువ ఊరి పథకాన్ని సగం మనమే చెడగొట్టినట్టు.

2019 సెప్టెంబరులో కురిసిన కుండపోతకు కుందూ, మద్దిలేరు, చామకాల్వ పొంగి నంద్యాల కాలనీల్లోకి వచ్చాయి. మహానంది ఆలయ ప్రాంగణం నీట మునిగింది. వరద వేళ మునిగిన పైపుల్లోకి బురద చేరుతుంది, పంపులు ఆగుతాయి, తాగడానికి చుక్క ఉండదు. నీళ్లు తీశాక లైన్లన్నీ కడిగి, క్లోరిన్ మోతాదు పెంచి వదలాలి. ఊరి నాలుగు పక్కలా నీళ్లుండి గుక్కెడు దొరకని ఆ రోజులు చూసినవాళ్లు నీటి సరఫరాను మామూలు ఉద్యోగంగా అనుకోరు.

కట్టడానికి డబ్బు, కాపాడటానికి?

కట్టడానికి డబ్బు ఏదో దారిన వస్తూనే ఉంది. లక్ష దాటిన పట్టణాల కోసం 2015లో కేంద్రం అమృత్ పథకం తెచ్చింది. 2021లో రెండో విడతలో చిన్న పట్టణాలకూ విస్తరించింది. లక్ష లోపు పట్టణాల కోసం రాష్ట్రం ఏఐఐబీ అనే అంతర్జాతీయ బ్యాంకు నుంచి అప్పు తెచ్చుకుంది. పంచాయతీ నుంచి నగర పంచాయతీగా, ఆపై మున్సిపాలిటీగా ఎదిగిన ఆళ్లగడ్డ లాంటి ఊళ్లకు ఇవే ఆధారం. రాతిలో దేవుళ్లను చెక్కే శిల్పుల ఊరు అది. ఉలికి ఎప్పటికప్పుడు పదును పెట్టకపోతే పని నడవదని అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కొత్త ట్యాంకుకు శంకుస్థాపన జరుగుతుంది, శిలాఫలకం పడుతుంది. పదేళ్ల తరవాత ఆ ట్యాంకు కింది వాల్వు తుప్పు పట్టినప్పుడు కొత్తది వేయడానికి ఏ పథకమూ డబ్బివ్వదు. అది మున్సిపాలిటీ సొంత పన్నుల్లోంచి రావాలి. కరెంటు బిల్లులు, పటిక, క్లోరిన్, జీతాలు పోగా మిగిలేది ఎంతో మీరే ఊహించండి.

ఇది తీరని చిక్కేమీ కాదు. ఒడిశాలోని పూరీ జనాభాలో నంద్యాలకు దగ్గరి ఊరే. పైగా ఏటా లక్షల మంది యాత్రికులు వస్తారు. 2021 జులైలో ఆ ఊరు కొళాయి నుంచి నేరుగా తాగగలిగే నీటిని రోజంతా ఇవ్వడం మొదలుపెట్టింది. పైపులు, మీటర్లు వేయడం ఒక ఎత్తు. అక్కడ నాకు నచ్చింది మరొకటి. మహిళా సంఘాల సభ్యుల్ని ‘జలసాథీ’లుగా పెట్టారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి నీటిని పరీక్షిస్తారు, మీటరు చూసి బిల్లు వసూలు చేస్తారు, ఫిర్యాదు తీసుకెళ్తారు, వసూలైనదాంట్లో కొంత వాళ్లకు దక్కుతుంది. యుద్ధంలో చితికిపోయిన కంబోడియా రాజధాని నాంఫెన్‌లో 1993లో నీటి సంస్థ పగ్గాలు పట్టిన ఎక్ సన్ చాన్, సరఫరా నీటిలో 70 శాతానికి పైగా ఉన్న కారుడునూ దొంగతనాన్నీ ఒంటి అంకెకు దించాడు. 2006లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నాడు. ఆ పని కొత్త ఆనకట్ట కట్టి చేసింది కాదు. చిల్లులు మూసి, మీటర్లు పెట్టి, బిల్లు కట్టని పెద్దమనుషులతో కట్టించి, కార్మికులకు సరైన జీతాలిచ్చి చేశాడు.

మన రాష్ట్రానికి మహిళా సంఘాలు కొత్త కాదు. డ్వాక్రా సంఘాలు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాయి, వాటిలో వసతులు చూసే ఉద్యోగులను పెట్టారు. పదిమంది సంఘ సభ్యులకు క్లోరిన్ చూసే చిన్న కిట్టు ఇస్తే చాలు. కొన్ని చుక్కల మందు వేస్తే నీరు పసుపు రంగు తిరుగుతుంది, తిరగకపోతే క్లోరిన్ లేదని అర్థం. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. లైను చివరి ఇంట్లో ఆ పరీక్ష రోజూ జరిగితే, గుంటూరులాంటిది జరగకముందే ఊరు మేలుకుంటుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ పురపాలకులకు నా విన్నపం ఇది. ప్రతి వార్డు సచివాలయం గోడ మీద ఒక నల్లబోర్డు పెట్టించండి. నిన్న ఆ వార్డుకు ఎన్ని గంటలు నీళ్లిచ్చారు, చివరి కొళాయిలో క్లోరిన్ ఎంత ఉంది, ఓవర్‌హెడ్ ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు, ఈ మూడూ రోజూ రాయించండి. పాఠకులకు ఒక మాట. కొళాయికి బిగించిన మోటారు ఈ ఆదివారమే తీసేయండి. మీ వీధి ట్యాంకు మీద శుభ్రం చేసిన తేదీ రాసి ఉందేమో వెళ్లి చూడండి. అది లేకపోయినా, నెలల కిందటిదైనా సోమవారం పొద్దున్నే సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.